స్టేటస్ బార్ మీద రాసే హక్కు ఎవరిది?

డెస్క్‌టాప్ అప్లికేషన్లలో దిక్కూ మొక్కూ లేని కంట్రోల్ ఏదయ్యా అంటే నేను స్టేటస్ బార్ పేరే చెప్తాను. మెనూ ఎలా ఉండాలో తేల్చడానికి గంటలు గంటలు మీటింగులు పెడతారు. టూల్‌బార్ ఐకాన్లకి ప్రత్యేకంగా డిజైనర్ ని కూర్చోబెడతారు. స్టేటస్ బార్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి పెట్టెయ్ బాబూ" అంటారు. విండో అడుగున, ఓ ఇరవై పిక్సెళ్ల ఎత్తులో, ఇంటి వెనక వసారాలా పడుంటుంది పాపం.

కానీ ఆ ఇరవై పిక్సెళ్ల కోసం జరిగిన గొడవలు తక్కువేం కాదు. దీని చరిత్ర తిరగేస్తే నాకు అర్థమయిందేంటంటే, అది "దీన్ని ఎలా కస్టమైజ్ చెయ్యాలి" అన్న చరిత్ర కాదు, "దీని మీద ఎవర్ని రాయనివ్వాలి" అన్న చరిత్ర. మిషనా? ప్రోగ్రామరా? వాడేవాడా? లేక దారినపోయే దానయ్యా?

నాకెందుకు ఈ గోల అంటారా.. ఆఫీసులో ఇరవయ్యేళ్ల నాటి ఓ విండోస్ ఫారమ్స్ అప్లికేషన్ ని డాట్‌నెట్ 8 కి తెచ్చే పని నాకు పడింది. కంపైల్ కొట్టగానే ఎర్రగీతలు పడిన వాటిలో స్టేటస్ బార్ ఒకటి. 2002 లో డాట్‌నెట్ తో పాటే పుట్టిన స్టేటస్‌బార్ క్లాస్ ని 2019 లో, డాట్‌నెట్ కోర్ 3.1 లో, పీకేశారు. 2005 లో వచ్చిన స్టేటస్‌స్ట్రిప్ వాడుకోమన్నారు. సరే మార్చేద్దాం అని మొదలుపెట్టి, అసలు ఈ గీత ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దామని వెనక్కి వెనక్కి వెళ్లిపోయాను.

మనవాళ్లలో మెయిన్‌ఫ్రేమ్ మీద పని చేసినవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. ఐబీఎం 3278 టెర్మినల్ 1970ల రెండో సగంలో వచ్చింది. దాని మామూలు మోడల్ లో తెర మీద 24 వరసలు, వరసకి 80 అక్షరాలు. ఆ 24 కిందా ఓ గీత గీసి, దాని అడుగున ఇంకో వరస ఉండేది. ఆపరేటర్ ఇన్ఫర్మేషన్ ఏరియా అని దాని పేరు. ఎంటర్ కొట్టాక అవతల సిస్టమ్ ఇంకా పనిలో ఉంటే అక్కడ ఓ ఎక్స్ గుర్తు, పక్కనే గడియారం బొమ్మ. టైపు చెయ్యకూడని చోట టైపు చేస్తే ఎక్స్ గుర్తు పక్కన ఓ బుల్లి మనిషి బొమ్మ, వాడికి అటూ ఇటూ బాణాలు. "బాబూ, ఇక్కడ కాదు, ఇంకో చోటికి పో" అని. 'ఎక్స్ సిస్టమ్' అన్న మాట చూస్తూ టీ తాగొచ్చిన సీనియర్లు మీ ఆఫీసుల్లోనూ ఉండే ఉంటారు. ఎమ్యులేటర్లలో ఆ వరస ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక్కడ అసలు సంగతి చూడండి. ఆ 25వ వరస మీద అప్లికేషన్ రాయలేదు. మీ కోబాల్ ప్రోగ్రాం ఎంత గింజుకున్నా దానికి అందేది పైన ఉన్న 24 వరసలే. కిందది టెర్మినల్ వైపు సొత్తు. అంటే ప్రోగ్రాం ఎంత చెత్తగా రాసినా, కీబోర్డు తాళం పడిందా లేదా, సిస్టమ్ పనిలో ఉందా లేదా అన్న విషయంలో వాడేవాడికి అబద్ధం చెప్పే వీలు ఆ ప్రోగ్రాంకి లేదు. కస్టమైజేషన్ సున్నా, నమ్మకం నూటికి నూరు.

1987 లో డెక్ కంపెనీ వీటీ320 టెర్మినల్ తెచ్చింది. దాన్లోనూ 25వ వరస ఉంది. కానీ దాన్ని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు. అసలు లేకుండా చెయ్యొచ్చు, టెర్మినల్ తన సంగతులు తనే చూపించుకునేలా ఉంచొచ్చు, లేదా అవతలున్న కంప్యూటర్ కి రాసుకోమని ఇచ్చెయ్యొచ్చు. ఓ చిన్న ఎస్కేప్ సీక్వెన్స్ తో మారిపోతుంది. "ఈ గీత ఎవరిది?" అన్న ప్రశ్న అలా ఓ సెట్టింగ్ గా దొరికేసింది.

యూనిక్స్ వైపు ఈ బాధ లేదు. ఈమాక్స్ లో ప్రతి విండో అడుగునా మోడ్ లైన్ ఉంటుంది. ఫైలు మార్చి సేవ్ చెయ్యకపోతే రెండు నక్షత్రాలు పడతాయి. ఆ లైన్ ఎలా ఉండాలో ఓ వేరియబుల్ లో రాసుకుంటే చాలు. విమ్ లో స్టేటస్‌లైన్ ఆప్షన్ కూడా అంతే. ఇక్కడ రాసేదీ చదివేదీ ఒకరే కాబట్టి మోసానికి తావు లేదు. తన డైరీలో తను అబద్ధం రాసుకునేవాడు ఎవడుంటాడు చెప్పండి :)

ఇక విండోస్ కి వద్దాం. 1995 కి ముందు ప్రతివాడూ తన స్టేటస్ బార్ తనే బొమ్మ గీసుకునేవాడు, లేదా ఎంఎఫ్‌సీ లాంటి లైబ్రరీ గీసిపెట్టేది. విండోస్ 95 తో కామన్ కంట్రోల్స్ డీఎల్ఎల్ వచ్చాక స్టేటస్ బార్ ఓ సిసలైన విండో క్లాస్ అయింది. దాని కస్టమైజేషన్ సూత్రం చాలా సింపుల్. బార్ ని ముక్కలు చెయ్యాలంటే ఎస్‌బీ సెట్‌పార్ట్స్ మెసేజ్ పంపి, ఒక్కో ముక్క కుడి అంచు ఎక్కడో అంకెల వరసగా ఇవ్వాలి. చివరిదానికి మైనస్ ఒకటి ఇస్తే అది విండో అంచు దాకా సాగుతుంది. 256 ముక్కల దాకా చెయ్యొచ్చు (అన్ని చేసినవాణ్ణి నేనింకా చూడలేదు). ఇచ్చేవి స్థిరమైన అంకెలు కాబట్టి, విండో సైజు మారినప్పుడల్లా మళ్లీ లెక్కేసి పంపాలి. ఏ ముక్కకైనా ఓనర్‌డ్రా అని గుర్తు పెడితే, దాన్ని గీయాల్సిన ప్రతిసారీ పేరెంట్ విండోకి కబురొస్తుంది, మనకి నచ్చిన రంగూ బొమ్మా గీసుకోవచ్చు.

ప్రోగ్రెస్ బార్ ని స్టేటస్ బార్ లో కూర్చోబెట్టడం అప్పట్లో ఓ పెద్ద చిట్కా. ముక్క కొలతలు అడిగి తెలుసుకుని, ప్రోగ్రెస్ బార్ పేరెంట్ ని సెట్‌పేరెంట్ తో మార్చి, సరిగ్గా ఆ చోట అతికించడం. మా ఇరవయ్యేళ్ల అప్లికేషన్ లో ఇదే చిట్కా నలభై లైన్లలో ఉంది. స్టేటస్‌స్ట్రిప్ లో అయితే ప్రోగ్రెస్ బార్ ఐటెమ్ రెడీమేడ్ గా ఉంది. మిగిలిన చోటంతా ఏ ముక్క తీసుకోవాలో స్ప్రింగ్ అన్న ఒక్క ప్రాపర్టీ చెప్తుంది. నలభై లైన్లు పోయి నాలుగు మిగిలాయి. ప్రాణం హాయిగా అనిపించింది.

విజువల్ సీ ప్లస్ ప్లస్ 6 లో ఎంఎఫ్‌సీ ప్రాజెక్టు మొదలుపెడితే విజార్డ్ తనే ఓ స్టేటస్ బార్ ఇచ్చేది. ఎడమ వైపు 'రెడీ', కుడి వైపు క్యాప్స్, నమ్, స్క్రోల్ లాక్ గుర్తులు. స్క్రోల్ లాక్ ఎందుకో ఎవరికీ తెలియదు, తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రావు. అలా ప్రపంచం మీద ఎన్ని అప్లికేషన్లు స్క్రోల్ లాక్ గురించి నివేదిక ఇచ్చాయో లెక్కే లేదు. దానికన్నా ముఖ్యం ఆ 'రెడీ' అన్న మాట. మెనూ మీద నుంచి మౌస్ పక్కకి జరిపితే చాలు, అది వచ్చేస్తుంది. వెనకాల ఇంకో థ్రెడ్ ఫైలు సేవ్ చేస్తూ సగంలో ఉన్నా సరే 'రెడీ' యే. 3278 అయితే అలాంటప్పుడు గడియారం బొమ్మ చూపించేది. ఇక్కడ ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. డీఫాల్ట్ గా వచ్చిన మాటని ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

తెలుగువాళ్లకి ఇక్కడ ఇంకో తలనొప్పి. 1998 లో వచ్చిన విజువల్ బేసిక్ 6 లోపల యూనికోడ్ వాడుతుంది గానీ, దాని కంట్రోళ్లకి చేరేసరికి ఆ అక్షరాలు విండోస్ పాత కోడ్ పేజీల గుండా వెళ్లాలి. విండోస్ లో తెలుగుకి అలాంటి కోడ్ పేజీ ఎప్పుడూ లేదు. 2001 లో ఎక్స్‌పీ తో గౌతమి ఫాంటు, తెలుగు సపోర్టు వచ్చినా, విజువల్ బేసిక్ 6 స్టేటస్ బార్ లో 'సిద్ధం' అని పెడితే కనబడేవి ప్రశ్నార్థకాలే. దాటడానికి రెండు దారులు. ఒకటి, ఆ కంట్రోల్ ని పక్కన పెట్టి, ఏపీఐ తో మనమే స్టేటస్ బార్ విండో తయారుచేసుకుని యూనికోడ్ మెసేజ్ తో అక్షరాలు పంపడం, లేదా ఓనర్‌డ్రా పెట్టి స్వయంగా గీసుకోవడం. రెండోది, లాటిన్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు దూర్చిన ఫాంటు తగిలించడం. చూడ్డానికి తెలుగే, లోపల ఉన్నది మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. సొంత భాషలో 'సిద్ధం' అన్న ఒక్క మాట కోసం ఓనర్‌డ్రా దాకా పోవాల్సి రావడం అన్యాయం కాక మరేంటి?

అన్నట్టు, నిజాయితీ విషయంలో నోట్‌ప్యాడ్ ని మెచ్చుకోవాలి. ఎక్స్‌పీ నోట్‌ప్యాడ్ లో వర్డ్ ర్యాప్ పెడితే స్టేటస్ బార్ మాయమయ్యేది, మెనూలో కూడా నొక్కడానికి వీల్లేకుండా పోయేది. చాలామంది దాన్ని బగ్ అనుకునేవాళ్లు. వెనకాల ఉన్న ఎడిట్ కంట్రోల్ ని "ఇది ఎన్నో లైను?" అని అడిగితే, ర్యాప్ ఉన్నప్పుడు అది తెర మీది లైను నంబరు చెప్తుంది, ఫైల్లో లైను నంబరు కాదు. విండో సైజు మారిస్తే ఆ నంబరూ మారిపోతుంది. తప్పు నంబరు చూపించే బదులు నోరు మూసుకుని ఊరుకునే నోట్‌ప్యాడ్ నాకైతే నచ్చింది. విండోస్ 10 లో 2018 చివర్లో వచ్చిన అప్‌డేట్ తో గానీ ర్యాప్ లో కూడా సరైన నంబరు చూపించలేదు. 2019 అప్‌డేట్ లో ఫైలు ఎన్‌కోడింగ్ ఏంటో కూడా స్టేటస్ బార్ లో చూపించడం మొదలుపెట్టింది. తెలుగు ఫైళ్లని ఆన్సీ లో సేవ్ చేసి మొత్తం ప్రశ్నార్థకాలు చేసుకున్నవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

ఇక అసలు యుద్ధం జరిగింది బ్రౌజర్లలో. 1993 నాటి మొజాయిక్ దగ్గర్నుంచీ లింకు మీద మౌస్ పెడితే అది ఎక్కడికి వెళ్తుందో చెప్పే అలవాటు ఉంది. నెట్‌స్కేప్ వచ్చాక స్టేటస్ బార్ లో తాళంచెవి బొమ్మ చేరింది. కనెక్షన్ సురక్షితం కాకపోతే విరిగిన తాళంచెవి, అయితే నిండు తాళంచెవి. 128 బిట్ల గట్టి ఎన్‌క్రిప్షన్ అయితే దానికి రెండు పళ్లు, తక్కువైతే ఒకే పన్ను. అప్పటి అమెరికా ఎగుమతి చట్టాల వల్ల బయటి దేశాలకిచ్చే వెర్షన్ లో 40 బిట్లే. అంటే మనబోటివాళ్ల తాళంచెవికి ఒంటిపన్నే.

అంత ముఖ్యమైన చోటుని 1996 లో నెట్‌స్కేప్ 2 ఏం చేసిందో తెలుసా? జావాస్క్రిప్ట్ తో పాటు విండో డాట్ స్టేటస్ అన్న ప్రాపర్టీ ఇచ్చేసింది. ఏ వెబ్ పేజీ అయినా బ్రౌజర్ స్టేటస్ బార్ లో తనకి నచ్చింది రాసుకోవచ్చు. ఇంకేముంది, "వెల్కమ్ టు అవర్ సైట్" అని కుడి నుంచి ఎడమకి పాకే అక్షరాలు ఊరూరా వెలిశాయి. చికాకే గానీ అక్కడితో పోతే బాగుండేది.

బస్సు ముందు బోర్డు సంగతి ఆలోచించండి. 'విజయవాడ' అని బోర్డు డిపో వాళ్లు పెడతారు కాబట్టే మనం ఎక్కుతాం. ఆ బోర్డు రాసే పని స్టాండ్ లో తిరిగే బ్రోకర్ కి అప్పజెప్తే? విండో డాట్ స్టేటస్ చేసింది సరిగ్గా అదే. లింకు వెళ్లేది దొంగ సైటుకి. మౌస్ పెట్టినప్పుడు స్టేటస్ బార్ లో రాసేది మీ బ్యాంకు అడ్రసు. ఒక్క లైను కోడ్, అంతే. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, స్టేటస్ బార్ లేకుండా పాపప్ విండో తెరిచి, దాని అడుగున తాళం బొమ్మతో సహా నకిలీ స్టేటస్ బార్ ని పేజీలో భాగంగా గీసేవారు. ఓనర్‌డ్రా కి దొంగ బాబాయి అన్నమాట.

బ్రౌజర్లవాళ్లు మెల్లగా తేరుకున్నారు. 2004 ఆగస్టులో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 తో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, స్క్రిప్టులు తెరిచే విండోల్లో స్టేటస్ బార్ ని దాచనివ్వడం మానేసింది. 2006 లో వచ్చిన 7వ వెర్షన్ లో ఇంటర్నెట్ సైట్లు స్టేటస్ బార్ లో రాయడం డీఫాల్ట్ గా ఆగిపోయింది. తాళం బొమ్మ పైకి, అడ్రస్ బార్ పక్కకి వెళ్లింది. అదే 2006 లో రచనా ధమీజా, టైగర్, మార్టీ హర్స్ట్ అనే ముగ్గురు ఓ అధ్యయనం ప్రచురించారు. 22 మందికి అసలు, నకిలీ సైట్లు కలిపి చూపిస్తే, అన్నిటికన్నా బాగా తయారుచేసిన నకిలీ సైటు 90 శాతం మందిని బుట్టలో వేసింది. 23 శాతం మంది అడ్రస్ బార్, స్టేటస్ బార్ లాంటివేవీ చూడనే లేదు. అంటే నమ్మదగ్గ సమాచారం అక్కడున్నా లాభం లేని పరిస్థితి.

ఆ తర్వాత తీసెయ్యడమే మార్గం అనుకున్నారు. 2008 సెప్టెంబర్లో వచ్చిన క్రోమ్ లో స్టేటస్ బారే లేదు. లింకు మీద మౌస్ పెడితే మూలన ఓ బుడగ వచ్చి పోతుంది. ఫైర్‌ఫాక్స్ లో ఎక్స్‌టెన్షన్లు స్టేటస్ బార్ లో బొమ్మలు పెట్టుకునేవి, ఉత్తరాలొచ్చాయనీ వాన పడుతోందనీ చెప్పేవి. 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4 ఆ బార్ ని తీసి యాడ్-ఆన్ బార్ ఇచ్చింది. 2014 లో 29వ వెర్షన్ తో అదీ పోయింది. విండో డాట్ స్టేటస్ ఇప్పటికీ స్టాండర్డ్ లో ఉంది. మీరు ఏం రాసినా దాచుకుంటుంది, ఎవరికీ చూపించదు. పెద్దాయన మాటకి "అలాగే తాతయ్యా" అని తలూపి ఎవరి పని వాళ్లు చేసుకున్నట్టు :)

నా అభిప్రాయం అడిగితే ఇక్కడ ఓ మంచి వస్తువుని అనవసరంగా పోగొట్టుకున్నాం. తప్పు స్టేటస్ బార్ ది కాదు, దాన్ని దారినపోయే దానయ్యకి ఇచ్చినవాళ్లది. గోడ మీద ఎవడో పిచ్చిరాతలు రాస్తే గోడ కూల్చేస్తామా?

కూల్చకుండా బాగుచేసిన ఉదాహరణలూ ఉన్నాయి. ఎక్సెల్ లో కొన్ని గడులు సెలెక్ట్ చేస్తే కింద మొత్తం కనబడుతుంది కదా, పాత వెర్షన్లలో ఒకసారికి ఒకటే లెక్క చూపించేది. ఆఫీస్ 2007 లో స్టేటస్ బార్ మీద రైట్ క్లిక్ కొడితే పెద్ద జాబితా వస్తుంది, సగటు, లెక్క, మొత్తం అన్నీ ఒకేసారి పెట్టుకోవచ్చు. ఏది కావాలో నిర్ణయించేది వాడేవాడు. చూపించే అంకె మాత్రం ఎక్సెల్ లెక్కేసిందే. విజువల్ స్టూడియో కోడ్ ఇంకా పద్ధతిగా చేసింది. ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లు ఎడమకో కుడికో ఓ ఐటెమ్ పెట్టుకోవచ్చు. కానీ బ్యాక్‌గ్రౌండ్ రంగు కావాలంటే రెండే రెండు, తప్పుకి ఒకటీ హెచ్చరికకి ఒకటీ. పండగ రంగులన్నీ పూస్తానంటే కుదరదు. నచ్చని ఐటెమ్ ని వాడేవాడు రైట్ క్లిక్ తో దాచెయ్యొచ్చు. రాసుకో, కానీ ఇల్లు నాది అన్నమాట.

ఇదంతా పాత కథ అనుకోకండి. నేను పైన చెప్పిన అప్లికేషన్ గోదాముల్లో సరుకు లెక్కలకి వాడేది. దాని స్టేటస్ బార్ లో ఒకే ముక్కకి విలువుంది, 'సర్వర్ కి చివరగా సేవ్ అయిన టైము'. నెట్ పోయి వచ్చే గోదాముల్లో వాళ్లు అది చూసే మిషన్ ఆపుతారు. మార్పులు చేస్తున్నప్పుడు ప్రాడక్ట్ వైపు నుంచి ఓ కోరిక వచ్చింది. ఆ ముక్కలోనే లైసెన్స్ రెన్యువల్ ఆఫర్ ని పది సెకన్లకోసారి తిప్పుదాం, "జనం కళ్లు ఎలాగూ అక్కడే ఉంటాయి కదా" అని. నిజమే, ఉంటాయి. ఎందుకుంటాయంటే, అక్కడ ఇన్నేళ్లూ ఆఫర్లు లేవు కాబట్టి. ఓ గంటసేపు వాదన నడిచింది. విజువల్ స్టూడియో కోడ్ నియమాలు చూపించాను, విండో డాట్ స్టేటస్ కథ చెప్పాను. చివరికి ఆఫర్ హెల్ప్ మెనూ పక్కకి వెళ్లింది, సేవ్ టైము తన చోట తనుంది. రెండు గంటల్లో ఆరిపోయే కరెంటు బ్యాకప్ మీద సరుకు దింపుకునే మనిషికి ఆ ఒక్క టైమే ఆధారం. అక్కడ పది సెకన్లు ఆఫర్ చూపిస్తే, ఆ పది సెకన్లలోనే ఆయన మిషన్ ఆపితే, ఆ రోజు లెక్క ఎవరు కడతారు?

ఫోన్లలో చూస్తే కథ గుండ్రంగా తిరిగొచ్చినట్టుంది. 2020 లో ఐఓఎస్ 14, 2021 లో ఆండ్రాయిడ్ 12 తెర పై అంచున చిన్న చుక్కలు తెచ్చాయి. ఏదైనా యాప్ మైకు గానీ కెమెరా గానీ వాడుతుంటే అది వెలుగుతుంది. యాప్ దాన్ని ఆర్పలేదు, రంగు మార్చలేదు. 3278 కింద ఉన్న 25వ వరస ఇదే కదా! అయితే లింకు ఎక్కడికి వెళ్తుందో ముందే చెప్పే బోర్డు మాత్రం ఫోన్లో లేదు, అక్కడ మౌస్ లేదు కాబట్టి. వాట్సాప్ లో వచ్చే లింకుల్ని మా అమ్మ వేలితో నొక్కేముందు చూసుకోడానికి కింద ఏ గీతా లేదు. ఆ లోటుని ఎవరూ సరిగ్గా పూడ్చలేదు.

మీలో ఎవరైనా ఈ వారం ఏదన్నా డెస్క్‌టాప్ అప్లికేషన్ మీద పనిచేస్తుంటే ఓ చిన్న పని చెయ్యండి. స్టేటస్ బార్ లో ప్రతి ముక్కనీ చూసి, "ఇది రాస్తున్నదెవరు, ఇది ఎప్పుడు అబద్ధం అవుతుంది?" అని అడగండి. 'రెడీ' దగ్గర్నుంచి మొదలుపెట్టండి. స్క్రోల్ లాక్ కనబడితే దాన్ని తీసేసే ధైర్యం మీకుందేమో కూడా కామెంట్లలో చెప్పండి మరి..